ఓడిన ప్రతిసారీ ఒకరి పేరు: పాలమూరు ఫుట్‌బాల్ టీమ్‌లో ఒక సీజన్, నా అనుభవం

2025 ఫిబ్రవరిలో మా లీగ్ సీజన్ అయిపోయింది. పన్నెండు మ్యాచ్‌లు ఆడితే ఒకటి గెలిచాం, రెండు డ్రా, మిగతా తొమ్మిదీ ఓడాం. ఓటమి గురించి నాకంత బాధ లేదు, మొదటిసారి హైదరాబాద్ లీగ్‌కి వెళ్లిన జిల్లా టీమ్ ఓడటం వింతేమీ కాదు. నేను రాస్తున్నది వేరే విషయం. ఓడిన ప్రతిసారీ మా కోచ్ ఎవరో ఒక ప్లేయర్ పేరు తీసి తప్పంతా వాడి నెత్తిన రుద్దేవారు, అదీ అమ్మానాన్నలందరూ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో. మీ టీమ్‌లోనో మీ పిల్లల టీమ్‌లోనో ఇదే జరుగుతుంటే ఏం అవుతుందో, ఎవర్ని కలవాలో, ఎన్నాళ్లు పడుతుందో ముందే తెలిస్తే కొంత నయం. మాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ఫైనలియర్. స్టాపర్ బ్యాక్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడతాను, డిసెంబర్ వరకు కెప్టెన్‌ని కూడా. క్లబ్ పేరు, కోచ్ పేరు రాయను. మా టీమ్‌లో మైనర్ పిల్లలు ఉన్నారు, వాళ్ల పేర్లు కూడా ఉండవు.

సెలక్షన్స్ సెప్టెంబర్ 21, 22 తేదీల్లో, శని ఆదివారాలు జరిగాయి. వినాయక నిమజ్జనం అయిన వారమే. జడ్చర్ల, దేవరకద్ర, నారాయణపేట నుంచి కూడా పిల్లలొచ్చారు. ఇరవై రెండు మందిని తీసుకున్నారు. సీజన్ ఫీజు 6,000, కిట్ డిపాజిట్ 1,500. రిజిస్ట్రేషన్ కోసం పదో తరగతి మెమో, ఆధార్, ఫోటోలు, డాక్టర్ సంతకంతో ఫిట్‌నెస్ కాగితం అడిగారు. హైదరాబాద్ వెళ్లే బండి ఖర్చు ఫీజులో ఉంటుందనుకున్నాం, లేదు. ప్రతి మ్యాచ్‌కీ మనిషికి 250 వేసుకోవాలి, పొద్దున టిఫిన్ ఎవరిది వాళ్లదే. ఇంకా స్టడ్స్, అంటే అడుగున ముళ్లలాంటివి ఉండే ఫుట్‌బాల్ బూట్లు. మా గ్రౌండ్ మొత్తం మొరం, అంటే గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి, దాని మీద కొత్త స్టడ్స్ నెలకే అరిగిపోతాయి, మ్యాచ్‌లేమో గడ్డి మీద. అందుకని ప్రాక్టీస్‌కి పాతవి ఒక జత, మ్యాచ్‌కి 2,800 పెట్టి కొన్న జత, రెండూ మోయాల్సి వచ్చింది.

ఈ మొరం సంగతి గుర్తు పెట్టుకోండి, దీనికి తర్వాత చాలా సంబంధం ఉంది.

ప్రాక్టీస్ మంగళ, గురు, శనివారాలు సాయంత్రం 5 గంటలకు. లైట్లు లేవు. నవంబర్ వచ్చేసరికి 6 కాకముందే చీకటి పడుతుంది కాబట్టి వార్మప్ పోను మిగిలేది అరగంటో నలభై నిమిషాలో. కాలేజీ, ల్యాబ్‌లు, పార్ట్‌టైమ్ పనుల వల్ల మొత్తం ఇరవై రెండు మందీ ఒకే రోజు గ్రౌండ్‌లో ఉండటం నేను చూడలేదు. అయినా మా కోచ్ సర్‌కి పెద్ద ఆలోచనలు ఉండేవి. కీపర్ నుంచి చిన్న పాసులతో ఆట కట్టాలి, డిఫెన్స్ లైన్‌ని సెంటర్ సర్కిల్ దగ్గరిదాకా తెచ్చి ఆడాలి, అవతలి వాళ్లని ఆఫ్‌సైడ్‌లో పట్టాలి, అంటే పాస్ వేసే క్షణానికి వాళ్ల ఫార్వర్డ్ మా డిఫెన్స్ లైన్ దాటి ఉండేలా చేసి ఆట ఆపించాలి. వినడానికి బాగుంది, మాకూ ఉత్సాహంగానే ఉండేది. ఆయన మంచి ప్లేయర్ కూడా, ఒకప్పుడు బాల్ కాలికి తగిలితే వదిలేవారు కాదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

మొదటి మ్యాచ్ అక్టోబర్ 20, ఆదివారం. పొద్దున నాలుగున్నరకి మెట్టుగడ్డ దగ్గర బండి ఎక్కాం, షాద్‌నగర్‌లో ఆగి ఇడ్లీ తిన్నాం, ఎనిమిదికల్లా గ్రౌండ్‌లో ఉన్నాం. 0-3తో ఓడాం. సర్ ఏమీ అనలేదు, మొదటి మ్యాచ్ కదా అన్నారు. రెండోది అక్టోబర్ 27న, 1-4. అప్పుడు మొదలైంది. మ్యాచ్ అయ్యాక అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మా కీపర్‌ని మాత్రం లేచి నిలబడమన్నారు. వాడు ఇంటర్ ఫస్టియర్, పదిహేడేళ్లు. "చేతులు ఇంట్ల పెట్టొచ్చినవా? మూడు గోల్స్ నువ్వే ఇచ్చినవ్. నీ ఒక్కడి వల్ల ఇంతమంది కష్టం పోయింది" అన్నారు. వాడు తల దించుకుని నిలబడ్డాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం. బండి షంషాబాద్ దాటుతుండగా అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూప్‌లో సర్ వాయిస్ మెసేజ్. టీమ్ బాగా ఆడింది, కీపింగ్ వల్ల ఓడిపోయాం, కీపర్ పేరెంట్స్ కొంచెం శ్రద్ధ పెట్టాలి అని. కీపర్ చివరి సీట్లో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాడు. జడ్చర్ల వచ్చేదాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ గ్రూప్‌లో ప్లేయర్లు, అందరి తల్లిదండ్రులు, మేనేజ్‌మెంట్ నుంచి ముగ్గురు ఉన్నారు. ప్రాక్టీస్ టైమింగ్స్ చెప్పడానికని పెట్టిన గ్రూప్ అది. ఆ మెసేజ్ మా కోసం కాదని, పై ముగ్గురి కోసమని నాకు అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.

ఆ తర్వాత ఏ వారానికి ఆ వారం ఒకరి వంతు. దీపావళి తర్వాతి మ్యాచ్‌లో లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్), నవంబర్ 10న సెంటర్ ఫార్వర్డ్ అన్న, ఆ తర్వాత మళ్లీ కీపర్. మధ్యలో ఒకటి గెలిచాం, 2-1తో. ఆ రోజు మెసేజ్‌లో ఎవరి పేరూ లేదు, ప్లాన్ వర్కవుట్ అయిందని మాత్రం ఉంది. గెలిస్తే ప్లాన్, ఓడితే పిల్లాడు. ఇది గమనించాక నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

బయటివాళ్లకి కనపడనిది ఒకటి చెప్తాను, నాకు ఈ మొత్తంలో ముఖ్యమైనది అదే. మాట పడ్డ ప్లేయర్ తర్వాతి మ్యాచ్‌లో ఇంకా బాగా ఆడతాడని కోచ్‌లు అనుకుంటారేమో, గ్రౌండ్‌లో జరిగేది వేరు. నవంబర్ సగానికి వచ్చేసరికి మా టీమ్‌లో బాల్ అడిగేవాళ్లు లేరు. బాల్ నా దగ్గరుంటే ఇదివరకు ఇద్దరు ముగ్గురు "అన్నా ఇటు, అన్నా ఇటు" అని అరిచేవాళ్లు. ఇప్పుడు తల ఎత్తి చూస్తే అందరూ అవతలి ప్లేయర్ వెనకాల నిలబడి ఉంటారు, బాల్ తమకి రాని చోట. లెఫ్ట్ బ్యాక్ తమ్ముడు బాల్ అందగానే ఎటు ఖాళీ ఉందో కూడా చూడకుండా లైన్ బయటికి తన్నేసేవాడు. త్రో ఇస్తే ఎవరూ తిట్టరు కదా, పాస్ తప్పితే పేరొస్తుంది. కీపర్ గోల్ లైన్ వదిలి ముందుకు రావడం మానేశాడు. ముందుకొచ్చి బాల్ మిస్సయితే తన తప్పు, లైన్ మీదే నిలబడితే గోల్ డిఫెండర్లది. గోల్ పడగానే ప్రతివాడూ చేతులు చాచి పక్కవాడి వైపు చూసేవాడు. అవతలి టీమ్ సెంటర్ దగ్గర బాల్ పెట్టేదాకా మా వాళ్లు ఇదే పనిలో ఉండేవాళ్లు. మేం పదకొండు మందిమి ఆడుతున్నది గెలవడానికి కాదు, సాయంత్రం మెసేజ్‌లో మన పేరు రాకుండా ఉండటానికి. దానికి తగ్గట్టే ఇంకా ఓడాం, ఓడేకొద్దీ ఇంకా పేర్లు వచ్చాయి.

ఇక్కడ మొరం సంగతి. మా కీపర్ డైవ్ లేటుగా వేస్తాడు, నిజమే. ఎందుకంటే ప్రాక్టీస్‌లో వాడు డైవ్ వేయడు, వేయలేడు. మొరం మీద పక్కకి పడితే మోచెయ్యి, తుంటి చర్మం లేచిపోతుంది. వారానికి మూడు రోజులు నిలబడి, వంగి, కాలితో ఆపి అలవాటైన కుర్రాడు ఆదివారం గడ్డి మీద ఒక్కసారిగా గాల్లోకి ఎలా లేస్తాడు? బాల్ కూడా అంతే. మా దగ్గర గట్టినేల మీద బాల్ ఎత్తుగా లేస్తుంది, అక్కడ పొద్దున మంచుకి తడిసిన గడ్డి మీద కిందికి జారుతూ వస్తుంది. దానికి ఒక పాత పరుపు, రెండు ఇసుక బస్తాలు పరిచినా డైవ్ ప్రాక్టీస్ అయ్యేది. ఆ మాట నేను నవంబర్‌లోనే సర్‌తో అన్నాను. "సాకులు చెప్పకు, కెప్టెన్‌వి" అన్నారు.

మా సెంటర్ ఫార్వర్డ్ అన్న తమ్ముడు ప్రతి మ్యాచ్‌నీ గ్యాలరీలోంచి ఫోన్లో తీసేవాడు. నవంబర్ చివర్లో రాత్రిళ్లు కూర్చుని ఆ వీడియోలు చూస్తూ మాకు పడ్డ ప్రతి గోల్ ఎలా పడిందో ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాం. ఎవరిది తప్పు అని రాయలేదు, బాల్ ఎక్కడ పోయింది, ఎక్కడి నుంచి కొట్టారు, మన లైన్ ఎక్కడుంది, ఇంతే. సగానికి పైగా గోల్స్ ఒకే రకం. మా డిఫెన్స్ సెంటర్ దగ్గర, వెనకాల సగం గ్రౌండ్ ఖాళీ, అవతలి మిడ్‌ఫీల్డర్ మా తలల మీదుగా ఒక పొడుగు బాల్ వేస్తాడు, వాళ్ల వింగర్ (పక్క నుంచి దాడి చేసేవాడు) పరిగెత్తి కీపర్‌తో ఒంటరిగా ఉంటాడు. ఆఫ్‌సైడ్ పట్టాలంటే నలుగురం ఒకే క్షణంలో అడుగు ముందుకేయాలి. నలుగురం కలిసి ప్రాక్టీస్ చేసిందే లేదు. కార్నర్ కిక్‌ల మీద పడ్డవి తర్వాతి లెక్క. కీపర్ చేతిలోంచి జారి పడినవి రెండే రెండు.

డిసెంబర్ 15న 0-5. ఆ రోజు నా వంతు. సర్ ఈసారి ముఖం మీద ఏమీ అనలేదు, గ్రూప్‌లోనే రాశారు. కెప్టెన్‌కి యాటిట్యూడ్ ఎక్కువైంది, జూనియర్లని చెడగొడుతున్నాడు, ఈ ఓటమికి బాధ్యత అతనిదే, కెప్టెన్సీ తీసేస్తున్నాం అని. మా నాయిన మార్కెట్ యార్డులో గుమస్తా, పల్లి సీజన్ కావడంతో ఆ రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే గాని ఇంటికి రాడు. ఆ మెసేజ్ యార్డులోనే చదివాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని, "పోరగాళ్లను చెడగొడుతున్నవంట, ఏందిరా?" అన్నాడు. తిట్టలేదు, నిజంగానే అడిగాడు. గోల్ పడితే ఎప్పుడూ అంత బాధ అనిపించలేదు. నాకు ఇరవై ఏళ్లు, నన్ను మా నాయిన ముందు దోషిలా నిలబెట్టారు. నోట్‌బుక్ తెచ్చి చూపించాను. ఆయనకి ఫుట్‌బాల్ తెలియదు, కానీ జీవితమంతా లెక్కల పుస్తకాలతో గడిపిన మనిషి, పేజీలు తిరగేసి "ఇది మీ సార్‌కు చూపెట్టినవా?" అన్నాడు. చూపించలేదు, అడుగుతారని ఎదురుచూస్తున్నా అన్నాను. "అడగరు. నువ్వే పట్కపో" అన్నాడు.

ఆ వారం నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్ మోగితే చాలు టెన్షన్. సెమిస్టర్ పరీక్షలు కూడా అప్పుడే.

కీపర్ ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు. ఫోన్ ఎత్తడం లేదు. క్రిస్మస్ సెలవు రోజున నేనూ లెఫ్ట్ బ్యాకూ బైక్ మీద దేవరకద్ర దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాం. వాళ్లమ్మ చాయ్ ఇచ్చి, వాడు లోపలున్నప్పుడు మెల్లగా, "ఆ ఫోన్ల మాట ఇన్నకాడికెల్లి సక్కగ తింటలేడు బిడ్డా. గా మాట ఊరోళ్లు గూడ ఇన్నరు" అంది. ఊళ్లో వాళ్లెలా విన్నారంటే, వాళ్ల నాన్నకి స్మార్ట్‌ఫోన్ లేదు, గ్రూప్‌లో పెట్టింది వాళ్ల బాబాయి నంబర్, ఆ మెసేజ్ ఆయన కిరాణా దుకాణంలో పెద్దగా మోగింది. కోచ్‌లకి ఈ సంగతి తెలియాలని నా కోరిక. మీరు పంపిన మెసేజ్ ఎవరి ఇంట్లో ఎవరి ముందు మోగుతుందో మీకు తెలియదు. వాడు చివరికి బయటికొచ్చి కూర్చున్నాడు, ఫుట్‌బాల్ మాటే ఎత్తలేదు, బావి దగ్గర మోటార్ కాలిపోయిందని ఏదో చెప్పాడు. వెళ్లేటప్పుడు మాత్రం "అన్నా, ఆ రెండు నిజంగ నావే, మిగిలినయి గాదు గదా?" అన్నాడు. కాదురా అన్నాను. నోట్‌బుక్‌లో రాసి ఉంది, చూపిస్తా అన్నాను.

క్లబ్ మేనేజ్‌మెంట్‌కి లెటర్ ఆ రాత్రే రాశాను. ఒక పేజీ. కోచ్‌ని తీసేయమని ఎక్కడా రాయలేదు, అది సీనియర్ల సలహా, చాలా పనికొచ్చింది. మూడే అడిగాం. గ్రూప్‌లో ప్లేయర్ల పేర్లు తీయొద్దు, మ్యాచ్ తర్వాత మాట్లాడే ముందు గోల్స్ వీడియో అందరం కలిసి చూడాలి, కీపర్‌కి డైవ్ ప్రాక్టీస్ కోసం మెత్తటి చోటు ఏర్పాటు చేయాలి. సంతకాలు సేకరించడమే కష్టమైంది. ఇరవై రెండు మందిలో పద్నాలుగు మంది పెట్టారు. మిగతావాళ్లు పిరికివాళ్లేం కాదు, జిల్లా సెలక్షన్స్‌కి పేర్లు పంపేది కోచే, స్పోర్ట్స్ కోటా మీద ఆశ ఉన్న కుర్రాడు ఎందుకు పెడతాడు? వాళ్లని నేను ఒక్క మాట అనలేదు. డిసెంబర్ 30న లెటర్ ఇచ్చాం. రిసీవ్డ్ అని సంతకం పెట్టించుకుని జిరాక్స్ ఉంచుకున్నాం. ఇది తప్పకుండా చేయండి, ఎందుకంటే జనవరి రెండో వారంలో ఫోన్ చేస్తే అసలు లెటర్ రాలేదన్నారు, జిరాక్స్ ఫోటో పంపాక దొరికింది. సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు. మీటింగ్ జనవరి 25 శనివారం సాయంత్రం జరిగింది, అంటే లెటర్ ఇచ్చాక దాదాపు నాలుగు వారాలకి. ఈలోపు మ్యాచ్‌లు జరుగుతూనే ఉన్నాయి, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, నేను బెంచ్ మీద.

మీటింగ్‌కి మా స్కూల్ పీఈటీ సార్‌ని తీసుకెళ్లాం. రిటైరై చాలా ఏళ్లయింది, మా కోచ్‌కి కూడా చిన్నప్పుడు ఆట నేర్పింది ఆయనే. మేనేజ్‌మెంట్ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ఈ లెటర్ వెనకాల ఎవరున్నారు అని. రెండో ప్రశ్న కూడా అదే. సిద్ధంగా ఉండండి, ఎక్కడైనా ఇదే అడుగుతారనుకుంటా. నేను రాశాను, పద్నాలుగు మందిమి చదివి సంతకం పెట్టాం అని చెప్పి నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను.

కోచ్ సర్ కోపంగా ఉన్నారు, ఉంటారు కూడా. పెద్ద పెద్ద కోచ్‌లే ప్లేయర్లని అంటారు, మొరీన్యో అనలేదా, కాంటే అనలేదా, మొన్న మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అనలేదా అన్నారు. ఆ ముగ్గురి సంగతీ మాకు తెలుసు, రాత్రంతా మేల్కొని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చూసేవాళ్లమే కదా. చెల్సీ కోచ్‌గా ఉన్న మొరీన్యో 2015 డిసెంబర్ 14న లెస్టర్ చేతిలో 2-1తో ఓడాక తన పనికి ప్లేయర్లు ద్రోహం చేసినట్టుందన్నాడు, అప్పటికి చెల్సీ 16 లీగ్ మ్యాచ్‌ల్లో 9 ఓడింది. ఆ మేలోనే లీగ్ గెలిచిన టీమ్ అది. మూడు రోజులకి, 17న, క్లబ్ ఆయన్ని పంపేసింది. టాటెన్‌హామ్ కోచ్‌గా ఉన్న కాంటే 2023 మార్చి 18న సౌతాంప్టన్ మీద 3-1 ఆధిక్యం పోయి 3-3 అయ్యాక ప్లేయర్లు స్వార్థపరులని ప్రెస్ ముందు అన్నాడు, ఎనిమిది రోజులకి ఆ క్లబ్ వదిలాడు. అప్పటి యునైటెడ్ కోచ్ అమోరిమ్ 2025 జనవరి 19న బ్రైటన్ చేతిలో ఓడాక యునైటెడ్ చరిత్రలోనే మేం చెత్త టీమ్ కావచ్చన్నాడు, కానీ తనని కూడా కలుపుకునే అన్నాడు, ఆ మాట ప్లేయర్ల కన్నా తన గురించే అన్నానని తర్వాత చెప్పాడు కూడా. ఇదంతా మా సెంటర్ ఫార్వర్డ్ అన్న నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. "వాళ్లు కోట్లు తీసుకునే ప్లేయర్లు సర్, మేం ఫీజు కట్టి ఆడుతున్నం" అని కూడా అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడు పీఈటీ సార్ మాట్లాడారు. ఆయన రహీం సాబ్ గురించి చెప్పారు. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి, ఇండియా కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన టీమ్ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మన వాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన రోజులవి. రహీం సాబ్ ఆటతీరు మార్చడం మీద పడ్డారు, నాలుగేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని సెమీస్‌లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా ఆడించారు, రెండింటిలోనూ అతను గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి గోల్డ్ తెచ్చారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న ఆయన మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఇదంతా చెప్పి మా కోచ్ వైపు తిరిగి, "ఓడినంక ఆయన మనిషిని ఏడ నిలబెట్టాల్నో చూసిండు, నువ్వు ఎవని మీద వెయ్యాల్నో చూస్తున్నవ్ రా" అన్నారు. చిన్నప్పుడు ఆట నేర్పిన గురువు కాబట్టి ఆ మాట అనగలిగారు, మేం అనలేం.

కోచ్ సర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు బయటపడింది. మార్చితో ఆయన కాంట్రాక్ట్ అయిపోతుంది, నెలకి 18,000 జీతం, రిజల్ట్ లేకపోతే రెన్యువల్ ఉండదని నవంబర్‌లోనే చెప్పేశారట. ఇద్దరు చిన్న పిల్లలు. ప్రతి మ్యాచ్ తర్వాత ఎందుకు ఓడారని పైనుంచి ఫోన్ వస్తుంది, దానికి ఆయన దగ్గరున్న జవాబు ఒక పేరు. ఇది విన్నాక ఆయన మీద జాలేసింది. అయినా నా మనసు మారలేదు. ఆయనకి భయం ఉంటే ఆ భయాన్ని పదిహేడేళ్ల కుర్రాడి మీదికి తోసే హక్కు రాదు. లైట్లు లేని మొరం గ్రౌండ్ ఇచ్చి, సగం మంది రాని ప్రాక్టీస్‌తో హైదరాబాద్ లీగ్‌లో రిజల్ట్ అడిగిన మేనేజ్‌మెంట్‌ని ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. నేనే అడగాలనుకున్నాను, టైమ్ అయిపోయిందని లేచారు.

ఫలితం ఏంటంటే, గ్రూప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చారు, పేర్లు ఆగిపోయాయి. పరుపులు రాలేదు, మేమే తలా కొంత వేసుకుని టెంట్‌హౌస్ నుంచి రెండు పాత పరుపులు 900కి కొన్నాం. వీడియో చూడటం ఒక్కసారి జరిగింది, అది కూడా సర్ ఫోన్లో, కానీ ఆ ఒక్కసారి చాలింది. ఆయనే "లైన్ వెనక్కి జరుపుదాం" అన్నారు. చివరి రెండు మ్యాచ్‌లు, ఫిబ్రవరి 9న 1-1, 16న 1-2. కీపర్‌ని నేనే మళ్లీ వెళ్లి తీసుకొచ్చాను. చివరి మ్యాచ్‌లో వాడు ముందుకొచ్చి రెండుసార్లు ఫార్వర్డ్ కాళ్ల మీద పడి బాల్ పట్టుకున్నాడు, మోకాలు గీసుకుపోయింది, నవ్వుతూ లేచాడు. నేను ఆ మ్యాచ్ ఇరవై నిమిషాలే ఆడాను. కెప్టెన్సీ తిరిగి ఇవ్వలేదు. జిల్లా సెలక్షన్స్‌కి పంపిన లిస్టులో సంతకం పెట్టిన పద్నాలుగు మందిలో ముగ్గురి పేర్లే ఉన్నాయి, నా పేరు లేదు. మాట్లాడితే ఖర్చు ఉంటుంది, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

సీజన్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక క్లబ్ ట్రయల్స్‌కి పిలిచింది, బాగా జరిగింది. అక్కడ ఆడాలంటే పాత క్లబ్ రిలీజ్ ఇవ్వాలి, ప్లేయర్ రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి కాగితం మీద సరే అంటే చాలదు, వాళ్లు సిస్టమ్‌లో కూడా ఓకే చేయాలి. ఇది చాలామంది పిల్లలకి తెలియదు. ఫిబ్రవరి చివర్లో అప్లికేషన్ ఇచ్చాను. మొదట ప్రెసిడెంట్ ఊళ్లో లేరన్నారు, తర్వాత ఫీజు బాకీ ఉందన్నారు, రసీదు చూపించాను. తర్వాత జెర్సీలు రెండూ ఉతికి ఇవ్వాలన్నారు, ఇచ్చాను. ఏప్రిల్ మొదటి వారంలో రిలీజ్ వచ్చింది, మొత్తం ఆరు వారాలు దాటింది. మధ్యలో కొత్త క్లబ్ వాళ్లు ఇంకొకర్ని తీసుకుంటారేమోనని ప్రతిరోజూ భయపడ్డాను. వాళ్లు ఆగారు, వాళ్లకి రుణపడి ఉన్నాను. ఫిట్‌నెస్ కాగితం మళ్లీ కొత్తది కావాలి, పాతది చెల్లదన్నారు, దానికి 300.

కొత్త చోట కోచ్ ఎలా ఉంటారో చూడాలి. మొదటి రోజు ఆయన గ్రూప్‌లో నన్ను యాడ్ చేస్తుంటే ఇందులో పేరెంట్స్ ఉంటారా సర్ అని అడిగాను, ఉండరు, ఎందుకు అన్నారు, ఊరికే అన్నాను. కీపర్ ఇంకా పాత క్లబ్‌లోనే ఉన్నాడు, పరుపుల మీద డైవ్ ప్రాక్టీస్ చేస్తున్నాడు, వేసవి క్యాంప్‌కి వెళ్లాడని లెఫ్ట్ బ్యాక్ చెప్పాడు. కోచ్ సర్ కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పొడిగించారని విన్నాను. నా కిట్ డిపాజిట్ 1,500 ఇంకా వాపస్ రాలేదు. రసీదు నా దగ్గరే ఉంది, అడుగుతూనే ఉన్నాను.